గోడ మూయకముందే తేలాల్సినవి: ఏసీ రాగి పైపులు, వైరింగ్ – నా అనుభవం

ఏసీ అంటే గృహప్రవేశానికి వారం ముందు షోరూముకు వెళ్లి తెచ్చుకునే వస్తువని అనుకుంటాం. రాగి పైపు గోడలో దాచాలనుకున్న ఇంట్లో మాత్రం ఆ పని ఇటుక గోడ లేవగానే, ప్లాస్టరింగ్ పడకముందే మొదలవ్వాలి. ప్లాస్టరింగ్ అయ్యాక లోపల ఏముందో చూసే దారి ఉండదు. లీకు ఉంటే అది బయటపడేది పెయింట్లు, వార్డ్‌రోబులు అన్నీ అయ్యాక, ఏ రెండో వేసవిలోనో. అప్పుడు మెకానిక్ చేయగలిగిందల్లా ఏడాదికోసారి గ్యాస్ నింపి వెళ్లడమే.

హైదరాబాద్ శివారులో మా జీ ప్లస్ వన్ ఇంటికి ఈ పని దగ్గరుండి చేయించాం. మూడు పడకగదులకు 1.5 టన్ను స్ప్లిట్లు, హాలుకు 2 టన్నులది. నాలుగూ ఇన్వర్టర్ ఏసీలు, గ్యాస్ ఆర్32. బయటి యూనిట్లు నాలుగూ టెర్రస్ మీదే. పైపు పొడవు పై అంతస్తు గదులకు సుమారు 6 మీటర్లు, కింది పడకగదికి 11, హాలుకు 13.

ముందే ఒక మాట. గది గోడకు అవతలి వైపే బయటి యూనిట్ పెట్టే చోటుంటే పైపు దాచే ఆలోచనే వద్దు. గోడకు ఒక రంధ్రం, 3 మీటర్ల పైపు, పని అయిపోయింది. పైపు ఎంత చిన్నదైతే ఏసీ అంత సుఖంగా నడుస్తుంది, రిపేరుకూ చేతికి అందుతుంది. బాల్కనీ లేని గదులు, రోడ్డు వైపు ముఖం ఉన్న గోడలు, కింది అంతస్తు నుంచి టెర్రస్‌కు తీసుకెళ్లాల్సిన లైన్లు, వీటికే గోడలో పైపు వేయాలి.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది మోడల్. ఇంకా గోడలే కడుతున్నాం, ఇప్పుడే మోడలేమిటి అనిపిస్తుంది. కానీ గోడలో వేసిన పైపు సైజు మళ్లీ మారదు. 1.5 టన్నుకు చాలా కంపెనీలది పావు అంగుళం లిక్విడ్ లైను (సన్న పైపు), అర అంగుళం గ్యాస్ లైను (లావు పైపు). 1 టన్నుకు గ్యాస్ లైను చాలావరకు 3/8 అంగుళం ఉంటుంది. 2 టన్నుల దగ్గరే కంపెనీకో లెక్క: కొందరిది పావు–అర, కొందరిది పావు–5/8, కొందరిది 3/8–5/8. అందుకని హాలు ఏసీ మోడల్ ముందే ఖాయం చేసుకుని, దాని ఇన్‌స్టలేషన్ మాన్యువల్ దించుకుని, పైపు సైజు, గరిష్ఠ పొడవు, ఎత్తు తేడా, కరెంటు లోపలి యూనిట్‌కు ఇవ్వాలా బయటి యూనిట్‌కు ఇవ్వాలా అన్న నాలుగు సంగతులూ కాగితం మీద రాసుకున్నాం. ఈ నాలుగూ చేతిలో లేకుండా చిప్పింగ్ మిషన్ గోడకు ఆనించకూడదు.

రాగి పైపు కొనేటప్పుడు అడగాల్సింది గోడ మందం. ఏసీతో వచ్చే కిట్లలోనూ, చవక కాయిల్స్‌ (పైపు చుట్టలు)లోనూ 0.5 మి.మీ. పైపులు చాలా కనిపిస్తాయి. గోడలో వేసేదానికి 0.8 మి.మీ.కు తగ్గితే నేను ఒప్పుకోను. పలుచని పైపు వంపు దగ్గర నొక్కుకుపోతుంది, ఫ్లేర్ చేస్తే (నట్ బిగించడానికి చివరను గరాటులా వెడల్పు చేస్తే) అంచు చీలుతుంది. మందం కొలవడానికి దుకాణంలో వెర్నియర్ అడిగితే వింతగా చూస్తారు కాబట్టి తక్కెడ అడగండి. అర అంగుళం పైపు 0.8 మందంలో మీటరుకు దాదాపు 270 గ్రాములు తూగుతుంది. 15 మీటర్ల కాయిల్ నాలుగు కిలోల చుట్టూ రావాలి. అదే 0.5 మందమైతే మీటరుకు 170 గ్రాములే. పావు అంగుళం పైపు మంచిదైతే మీటరుకు 120 గ్రాములు. కాయిల్ రెండు చివరలకూ ప్లాస్టిక్ మూతలు బిగించి ఉండాలి. మూతలు ఊడిన కాయిల్ ఎన్నాళ్లు దుమ్ములో పడుందో ఎవరికీ తెలియదు, దాన్ని వదిలేయడమే మంచిది.

కాయిల్ పొడవు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. గోడ లోపల అతుకు ఉండకూడదు. 13 మీటర్ల లైనుకు 15 మీటర్ల కాయిల్ తీసుకుని ఒకే ముక్కగా లాగాం. మిగిలిన ముక్కలు కలిపి పొదుపు చేద్దామని మేస్త్రీ అన్నా వద్దనాలి. ఎక్కడైనా అతుకు తప్పకపోతే అది బ్రేజింగ్‌తోనే (వేడి చేసి, పూత లోహం కరిగించి అతికించడం) వేయాలి, గోడలో ఫ్లేర్ నట్ పెట్టకూడదు. బ్రేజింగ్ చేస్తున్నంతసేపూ పైపులో 2–3 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) నైట్రోజన్ మెల్లగా పారుతుండాలి. లేకపోతే లోపలి రాగి కాలి నల్లటి పొర కడుతుంది. ఆ పొర తర్వాత పెచ్చులుగా ఊడి, ఎక్స్‌పాన్షన్ వాల్వు (గ్యాస్ ఒత్తిడి తగ్గించి చల్లబరిచే వాల్వు) సన్న రంధ్రంలో ఇరుక్కుంటుంది. అప్పుడు ఏసీ చల్లబడదు, మెకానిక్ గ్యాస్ తక్కువైందంటాడు, గ్యాస్ పోసినా ఫలితం ఉండదు.

ఇన్సులేషన్ విషయంలో పాత అలవాటు ఒకటి ఇంకా వదల్లేదు. లావు పైపుకు తొడుగు వేసి, సన్న పైపును ఉత్తదే పక్కన కట్టేస్తారు. ఇప్పటి స్ప్లిట్లలో ఎక్స్‌పాన్షన్ వాల్వు బయటి యూనిట్‌లోనే ఉంటుంది. అంటే సన్న పైపులో గదికి వచ్చేది కూడా చల్లటి గ్యాసే. దానికీ చెమట పడుతుంది. గోడలో చెమట పడితే పెయింట్ ఉబ్బి, బూజు మరక కడుతుంది. రెండు పైపులకూ విడివిడిగా నైట్రైల్ రబ్బరు తొడుగు వేయించాం. గోడలో 13 మి.మీ., టెర్రస్ మీద ఎండ తగిలే చోట 19 మి.మీ. తొడుగు ముక్కలు కలిసే చోట గమ్ము రాసి, పైన నైట్రైల్ టేపు చుట్టాలి. పైపు లోపలికి దూర్చేటప్పుడు తొడుగు సాగదీయకూడదు. సాగదీసి అతికిస్తే కొన్నాళ్లకు వెనక్కి ముడుచుకుని అతుకు దగ్గర రెండు వేళ్ల వెడల్పున రాగి బయటపడుతుంది, మరక సరిగ్గా అక్కడే వస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి గోడలో కూడా 19 వేయించడమే మేలు.

గాడి కొట్టేముందు గోడ మీద దారం పట్టి గీత గీయాలి. రెండు తొడుగుల పైపులు, డ్రెయిన్ పైపు, కరెంటు కాండ్యూట్ (వైర్లు పోయే గొట్టం) అన్నీ కలిపి దాదాపు 6 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల లోతు పడుతుంది. ఇది 9 అంగుళాల గోడలోనే కుదురుతుంది. నాలుగున్నర అంగుళాల గోడలో 3 అంగుళాలు తవ్వితే మిగిలేది పెంకే. కాలమ్, బీమ్ మీద మిషన్ పెట్టనివ్వకూడదు. స్లాబ్ దాటే చోట సెంట్రింగ్ దశలోనే 110 మి.మీ. పీవీసీ స్లీవులు వదిలించాం. ముందు వదలకపోతే తర్వాత కోర్ కటింగ్ చేయాలి, ఆ మిషన్‌కు స్లాబులోని కడ్డీ అడ్డొస్తే కడ్డీ కూడా తెగిపోతుంది. ముందుగా కటింగ్ మిషన్‌తో రెండు వైపులా గీతలు కోసి, మధ్యలో చిప్పింగ్ చేస్తే అంచులు నేరుగా వస్తాయి. సుత్తి, ఉలితోనే మొత్తం కొడితే పక్క ఇటుకలు కదిలిపోతాయి.

వంపులన్నీ బెండర్‌తోనే తిప్పించాలి. మోకాలి మీద పెట్టి వంచితే పైపు గుండ్రం పోయి బల్లపరుపు అవుతుంది. చూడ్డానికి చిన్న నొక్కే, కానీ అక్కడ గ్యాస్ దారి సగమవుతుంది. నొక్కు పడిన పైపును తిరిగి సరిచేయనివ్వద్దు, ఆ కాయిల్ మార్చేయాల్సిందే. బయటి యూనిట్ పైన, లోపలిది కింద ఉన్నప్పుడు గ్యాస్ లైనులో ఆయిల్ ట్రాప్ (కంప్రెసర్ ఆయిల్ కోసం పెట్టే యూ వంపు) పెట్టాలా అన్నదానికి ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. మాన్యువల్‌లో ఎత్తు తేడా దగ్గర ఏం రాశారో అదే చేయాలి, అడగని ట్రాప్ పెడితే ఆయిల్ అందులోనే నిలుస్తుంది.

ఇక ఈ పని మొత్తానికి గుండెకాయ లాంటి ఘట్టం, నైట్రోజన్ టెస్ట్: పైపులో నైట్రోజన్ ఒత్తిడితో నింపి లీకు ఉందేమో చూడడం. లోపలి యూనిట్ వైపు పావు అంగుళం, అర అంగుళం పైపుల చివరలను ఒకదానితో ఒకటి కలిపి బ్రేజింగ్ చేయించాం. అలా చేస్తే రెండు పైపులూ ఒకే లైను అవుతాయి, ఒక్క గేజ్ చాలు. టెర్రస్ వైపు ఒక చివర మూసి, రెండో చివర పిన్ వాల్వు (పిన్ నొక్కితేనే తెరుచుకునేది) అతికించి, దానికి మానిఫోల్డ్ గేజ్ (ఒత్తిడి కొలిచే మీటరు) తగిలించాలి. నైట్రోజన్ సిలిండర్‌కు రెగ్యులేటర్ తప్పనిసరి, నిండు సిలిండర్‌లో ఒత్తిడి 2000 పీఎస్ఐ పైమాటే. నైట్రోజన్ లేదని ఎవరైనా వెల్డింగ్ ఆక్సిజన్‌తో టెస్ట్ చేస్తామంటే పని అక్కడే ఆపేయండి. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు ఆయిల్ తగిలితే పేలుడే.

ఎంత ఒత్తిడి కట్టాలన్న దగ్గరే మోసం జరుగుతుంది. 150 పీఎస్ఐ కట్టి అరగంట చూసి 'పట్టింది సార్' అంటారు. ఆర్32 గ్యాస్ 35 డిగ్రీల దగ్గర ఏసీ ఆఫ్‌లో ఉన్నప్పుడే 300 పీఎస్ఐ ఒత్తిడితో ఉంటుంది. మే నెల మధ్యాహ్నం టెర్రస్ మీద 45 డిగ్రీలుంటే అది 390 దాకా వెళ్తుంది. అంటే 150 దగ్గర పట్టిన పైపు గురించి మనకు తెలిసింది ఏమీ లేదు. మేము 450 కట్టించాం. ఒకేసారి కాదు: మొదట 50 కట్టి కొన్ని నిమిషాలు, తర్వాత 150 కట్టి అతుకులన్నిటికీ సబ్బు నురగ రాసి, ఆ తర్వాతే 450. హాట్ అండ్ కోల్డ్ మోడల్ అయితే చలికాలంలో గ్యాస్ లైనులో కంప్రెసర్ ఒత్తిడి నేరుగా వస్తుంది కాబట్టి మాన్యువల్‌లో ఇచ్చిన టెస్ట్ ప్రెషర్ చూసి ఇంకా పైకి వెళ్లాలి.

గేజ్ రీడింగుతో పాటు ఆ సమయానికి ఉన్న ఉష్ణోగ్రత కూడా గోడ మీద రాయించాలి. ఇది రాయకపోతే మర్నాడు గొడవ. మధ్యాహ్నం 40 డిగ్రీల్లో 450 ఉన్న గేజ్, తెల్లవారి 25 డిగ్రీల్లో ఎలాంటి లీకూ లేకుండానే 428 చూపిస్తుంది. లోపలి వాయువు చల్లబడి ఒత్తిడి తగ్గింది, అంతే. మళ్లీ మధ్యాహ్నానికి 450కి చేరితే పైపు బాగున్నట్టు. అదే వేడిలో 440 దగ్గరే ఆగిపోతే లీకు వెతకాలి. ముందు గేజ్ హోస్ చివరలు, పిన్ వాల్వు చూడాలి. ఎక్కువసార్లు కారేది పైపు కాదు, కొలిచే సామానే.

ఇరవై నాలుగు గంటల టెస్ట్ అయ్యాక నైట్రోజన్ మొత్తం వదిలేయకుండా 200 పీఎస్ఐ ఉంచి, గేజ్ టెర్రస్ మీదే వదిలించాం. ప్లాస్టరింగ్, ఎలక్ట్రికల్ చిప్పింగ్, బాత్రూమ్ ప్లంబింగ్, వడ్రంగి పని, వీటిలో ఎవరి డ్రిల్ పైపును తాకినా ఆ పూటే గేజ్ చెబుతుంది. లేదంటే ఎవరు పొడిచారో ఎప్పటికీ తేలదు. గాడి మూసేముందు ప్రతి గోడకూ కొలత టేపు ఆనించి, నేల నుంచి, మూల నుంచి పైపు ఎంత దూరంలో ఉందో కనిపించేలా ఫోటోలు తీయాలి. టీవీ యూనిట్, వార్డ్‌రోబు బిగించే రోజున ఆ ఫోటోలే పైపును కాపాడతాయి. గాడి మూసే చోట చికెన్ మెష్ (సన్న తీగ వల) కొట్టించి ప్లాస్టరింగ్ చేయిస్తే గాడి పొడవునా పగులు రాదు.

వైరింగ్ కూడా ఇదే దశలో. నాలుగు ఏసీలు కలిపితే 7 కిలోవాట్ల చుట్టూ తేలింది, మోటారు, గీజర్లు వేరే. మన దగ్గర 5 కిలోవాట్లు దాటితే త్రీ ఫేజ్ కనెక్షనే. మూడు ఫేజుల మీదా ఏసీలు పంచాలి. హాలు ఏసీ, బోరు మోటారు ఒకే ఫేజ్ మీద పడకుండా చూసుకోవాలి. త్రీ ఫేజ్ ఇంట్లో న్యూట్రల్ ఊడితే తక్కువ లోడున్న ఫేజ్‌లో వోల్టేజ్ 400 వైపు ఎగబాకుతుంది, ఇన్వర్టర్ పీసీబీ (ఏసీ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు) బతకదు. డీబీ (ఇంటి మెయిన్ స్విచ్‌ల పెట్టె)లో ఓవర్ వోల్టేజ్ కట్ పెట్టించుకోవడం పీసీబీ ఖరీదు ముందు చిన్న ఖర్చే.

ప్రతి ఏసీకీ డీబీ నుంచి విడి లైను ఉండాలి. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైర్లు రెండు, అదే సైజు ఎర్త్ వైరు, 25 మి.మీ. కాండ్యూట్‌లో. 1.5 టన్ను ఇన్వర్టర్ ఏసీ గరిష్ఠంగా తీసుకునేది 10 ఆంప్స్ అటూ ఇటూ, దానికి 2.5 చాలదా అని ఎలక్ట్రీషియన్ అడుగుతాడు. నిజానికి మోయగలదు. 20 మీటర్ల దూరానికి 10 ఆంప్స్ దగ్గర 2.5లో పోయే వోల్టేజ్ 3.2, 4లో 2. తేడా పెద్దది కాదు. కానీ గోడలో వైరు పాతికేళ్లుండాలి, రేపు ఆ గదికి 2 టన్నులది పెట్టొచ్చు, వేసవి సాయంత్రాల్లో వీధిలోనే వోల్టేజ్ పడిపోయే ప్రాంతాల్లో ఆ ఒక్కో వోల్టూ లెక్కే. 4 వేసుకోవడంలో నష్టం లేదు. ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) మాత్రం వైరును బట్టి: సీ కర్వ్, డబుల్ పోల్ (ఫేజ్, న్యూట్రల్ రెండూ తెంచేది), 20 ఆంప్స్. గోడ మీద మామూలు 16 ఆంప్స్ ప్లగ్ పాయింట్ పెట్టి ఏసీ తగిలిస్తే ప్లగ్ పిన్నుల దగ్గర వదులు వచ్చి నల్లబడుతుంది. నేరుగా డీపీ (డబుల్ పోల్) స్విచ్ నుంచి యూనిట్ టెర్మినల్‌కు వైరు ఇవ్వడమే నయం.

నాలుగు ఏసీలనూ ఒకే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కు కారితే పడిపోయే స్విచ్) కింద పెట్టొద్దు. ఇన్వర్టర్ ఏసీ లోపలి ఫిల్టర్ల వల్ల ఏ లోపమూ లేకుండానే కొంచెం కరెంటు ఎర్త్‌కు కారుతుంటుంది. ఆర్‌సీసీబీ 30 అని రాసున్నా సగం, అంటే 15 దాటినప్పటి నుంచీ ఎప్పుడైనా పడిపోవచ్చు. నాలుగింటి కారుడూ కలిస్తే అర్ధరాత్రి కారణం లేకుండా ట్రిప్ అవుతుంది. అప్పుడు ఎవరో వచ్చి ఆర్‌సీసీబీని బైపాస్ చేసి వెళ్తారు, అది ఇంకా ప్రమాదం. ఏసీకి ఒక ఆర్‌సీబీఓ (ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ కలిసినది) పెట్టుకుంటే ఏది పడితే దానిదే గొడవ. టైప్ ఏ తీసుకోవాలి.

లోపలి యూనిట్ నుంచి బయటి యూనిట్‌కు వెళ్లే నాలుగు కోర్ల కేబుల్‌ను చాలామంది రాగి పైపులతో కలిపి టేపు చుట్టి గాడిలో పూడ్చేస్తారు. ఎలుక కొరికినా, లోపల తెగినా మార్చే దారి ఉండదు. దానికి విడిగా 25 మి.మీ. కాండ్యూట్ వేయించాం, లోపల లాగుడు తీగ కూడా వదిలించాం. కేబుల్ 2.5 స్క్వేర్ ఎంఎం, మధ్యలో ఎక్కడా జాయింట్ లేకుండా. 2 టన్నుల ఏసీకి కరెంటు బయటి యూనిట్‌కే ఇవ్వాల్సి రావడంతో డీబీ నుంచి టెర్రస్‌కు మరో లైను, అక్కడ వాన తగలని పెట్టెలో ఐసొలేటర్ (కరెంటు తెంచే స్విచ్) పడ్డాయి. ఇది ముందే తెలుసుకోకపోతే టెర్రస్ గోడ మళ్లీ తవ్వాలి. కేబుల్‌లో ఒక కోరు సిగ్నల్‌ది, అది న్యూట్రల్‌ను ఆధారం చేసుకుని పనిచేస్తుంది. టెర్మినల్ దగ్గర సిగ్నల్, న్యూట్రల్ తారుమారైతే ఫ్యాను తిరుగుతుంది, కంప్రెసర్ రాదు, కాసేపటికి కమ్యూనికేషన్ ఎర్రర్ కోడ్ పడుతుంది. పీసీబీ పోయిందని తేల్చేముందు రెండు వైపులా రంగులు సరిచూసుకుంటే సరిపోతుంది. యూనిట్లు తగిలించకముందే లైన్లన్నిటినీ 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు ఇన్సులేషన్ కొలిచే మీటరు) కొలిపించాలి. యూనిట్ తగిలించాక మెగ్గర్ పెడితే పీసీబీ దెబ్బతింటుంది.

డ్రెయిన్ పైపు గురించి ఎవరూ పట్టించుకోరు, చివరికి ఎక్కువ ఫిర్యాదులు దాని మీదే వస్తాయి. తేమ ఎక్కువున్న రోజుల్లో 1.5 టన్ను ఏసీ గంటకు లీటరు పైనే నీళ్లు వదులుతుంది. 32 మి.మీ. పీవీసీ, మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు, రెండు ఉంటే ఇంకా మంచిది. మధ్యలో పైకి లేచి దిగే చోటు ఉండకూడదు. గోడలో మొదటి మీటరు, మీటరున్నర డ్రెయిన్‌కు కూడా తొడుగు వేయించాలి, చల్లటి నీళ్లకు పీవీసీకి కూడా చెమట పడుతుంది. చివర డ్రైనేజీ లైనులో నేరుగా కలిపితే వాసన, బొద్దింకలు ఆ దారిన గదిలోకి వస్తాయి. మేము కుండీల వైపు తెరిచి వదిలేశాం. ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి డ్రెయిన్‌లో రెండు లీటర్ల నీళ్లు పోసి, కింద బకెట్‌లో రెండు లీటర్లూ పడ్డాయో లేదో చూడాలి. ఒక లైనులో తక్కువ పడ్డాయి, తవ్వి చూస్తే మోచేతి బెండు దగ్గర సిమెంటు ముద్ద ఉంది.

పెయింట్ అయ్యాక యూనిట్లు బిగించే రోజు. ముందు టెర్రస్ మీద గేజ్ చూసి, పిన్ నొక్కి నైట్రోజన్ వదలాలి. బుస్సుమని రావాలి, అదే గోడలో పైపు క్షేమమన్నదానికి సాక్ష్యం. ఆ తర్వాతే చివరలు కోయాలి. హ్యాక్సా కాదు, పైపు కట్టర్‌తో. రీమర్‌తో కోసిన అంచు గరుకు తీసేటప్పుడు పైపు మూతి కిందికి వంచి పట్టాలి, లేకపోతే రాగి రజను లోపలికే పడుతుంది. ఫ్లేర్‌కు ముందు నట్ తొడగడం మరవకూడదు, ఆ నట్ యూనిట్‌తో వచ్చిందే అయ్యుండాలి. పాత రకం ఫ్లేరింగ్ టూల్ అయితే పైపు డై (పైపును పట్టి ఉంచే దిమ్మె) పైన 1 నుంచి 1.5 మి.మీ. తేలాలి, క్లచ్ రకమైతే 0 నుంచి 0.5 చాలు. పావు అంగుళం ఫ్లేర్ అంచు వ్యాసం 9 మి.మీ. దగ్గర, అర అంగుళంది 16.4 దగ్గర రావాలి. ముఖం మీద కంప్రెసర్ ఆయిల్ ఒక చుక్క రాసి, నట్ వేళ్లతోనే చివరిదాకా తిప్పి, అప్పుడు రెండు స్పానర్లు. టార్క్ రెంచి ఉంటే పావుకు 14–18 న్యూటన్ మీటర్లు, అరకు 49–61. రెంచి లేని చోట జరిగేది అతిగా బిగించడమే. నట్ ఆ రోజు కారదు, ఏడాదికి చీలుతుంది.

ఇక్కడ వినిపించే మాట ఒకటుంది: "సార్, కొత్త పైపే కదా, వ్యాక్యూమ్ (పంపుతో పైపులో గాలి మొత్తం లాగేయడం) ఎందుకు? కొంచెం గ్యాస్ వదిలి గాలి తోసేస్తా." గాలి పోవచ్చు, తేమ పోదు. ఆర్32 ఏసీల్లో వాడే ఆయిల్ తేమను పీల్చుకుంటుంది, కాలక్రమంలో ఆమ్లం తయారై కంప్రెసర్ వైండింగ్‌ను తింటుంది. పైగా వదిలిన ఆ గ్యాస్, పొడవు లైనుకు మనమే మళ్లీ పోయాల్సిన గ్యాస్. ఆర్32కు కొద్దిగా మండే గుణం కూడా ఉంది, చిన్న గదిలో వదలకూడదు. అందుకని వ్యాక్యూమ్ పంపు ఉన్న మెకానిక్‌నే పిలవాలి, మాట్లాడుకునేటప్పుడే అడగాలి. సర్వీస్ పోర్టుకు 5/16 అంగుళం మర (థ్రెడ్) ఉంటుంది, పాత ఆర్22 గ్యాస్ హోస్ నేరుగా ఎక్కదు, అడాప్టర్ తెచ్చుకోమని చెప్పాలి.

పంపు ఎంతసేపు నడిచిందన్నది కొలత కాదు. మానిఫోల్డ్ ముల్లు సున్నా కిందికి దిగి చివరికి చేరడం రెండు నిమిషాల పని; అక్కడి నుంచి అసలు లోతు ఎంతో ఆ ముల్లు చెప్పలేదు. ఆ లోతు కొలిచే మైక్రాన్ గేజ్ పెట్టించాం. 500 మైక్రాన్ల కిందికి దిగాక పంపు వైపు వాల్వు మూసి పది నిమిషాలు చూడాలి. కొంచెం పెరిగి 700, 800 దగ్గర నిలిస్తే పరవాలేదు. 1500, 2000 దాకా ఎగబాకి అక్కడ ఆగితే లోపల తేమ ఉన్నట్టు. నైట్రోజన్ కొద్దిగా నింపి వదిలి, మళ్లీ పంపు నడపాలి. ఆగకుండా పెరుగుతూనే ఉంటే లీకు, అది దాదాపు ఎప్పుడూ ఫ్లేర్ నట్ దగ్గరే.

వ్యాక్యూమ్ నిలిచాక లిక్విడ్ వాల్వును అలెన్ కీతో పావు చుట్టు తెరిచి, ఒత్తిడి రాగానే హోస్ తీసి, రెండు వాల్వులూ పూర్తిగా తెరవాలి. ఇత్తడి మూతలు అలంకారం కాదు, అవీ సీలే; స్పానర్‌తో బిగించాలి. అదనపు గ్యాస్ లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. కింది పడకగది మోడల్‌లో 5 మీటర్లకు సరిపడా గ్యాస్ కంపెనీయే నింపి ఇచ్చింది, ఆపైన మీటరుకు 20 గ్రాములు. లైను 11 మీటర్లు కాబట్టి 120 గ్రాములు. కాటా మీద సిలిండర్ పెట్టి తూచి వేయాలి. గేజ్ చూసి వేయడం ఇన్వర్టర్ ఏసీకి కుదరదు. కంప్రెసర్ వేగం మారినప్పుడల్లా ఒత్తిడి మారుతుంది. ఎక్కువైతే ఎండాకాలం మధ్యాహ్నం హై ప్రెషర్ మీద కట్ అవుతుంది, తక్కువైతే లోపలి కాయిల్ సగం మంచు కడుతుంది.

టెర్రస్ మీద యూనిట్ల వెనక అడుగు, ముందు మూడడుగులు ఖాళీ ఉండాలి. ఒకదాని వేడిగాలి ఇంకోదాని వెనక్కి కొట్టకూడదు. నైట్రైల్ ఎండకు రెండు మూడేళ్లలో పొడిపొడి అవుతుంది. టెర్రస్ మీది పైపులన్నీ 110 మి.మీ. పీవీసీ పైపులోంచి పోనిచ్చాం. కోతులు తిరిగే కాలనీ అయితే ఇది ఇంకా అవసరం, మెత్తటి తొడుగు పీకడం వాటికి సరదా. స్లీవు మూతి దగ్గర పైపును హంస మెడలా కిందికి వంచి దించితే వాన నీరు పైపు వెంబడి గోడలోకి దిగదు.

చివరగా టెస్ట్ రన్. రిమోట్ 16 డిగ్రీల మీద పెట్టడం చాలదు, మాన్యువల్‌లో చెప్పిన టెస్ట్ మోడ్‌లో ఇరవై నిమిషాలు నడపాలి. లోపలి యూనిట్ పీల్చే గాలికి, ఊదే గాలికి 10 నుంచి 14 డిగ్రీల తేడా ఉండాలి. గ్యాస్ లైను ఒత్తిడి 115–145 పీఎస్ఐ మధ్య, క్లాంప్ మీటర్ మీద ఆంప్స్ నేమ్‌ప్లేటు గరిష్ఠానికి లోపల ఉండాలి. ఈ అంకెలు, పైపు పొడవు, అదనంగా వేసిన గ్యాస్ గ్రాములు, తేదీ, అన్నీ బయటి యూనిట్ పక్క ప్యానెల్ లోపలి వైపు పర్మనెంట్ మార్కర్‌తో రాయించాం. తర్వాత ఎప్పుడైనా ఎవరైనా గ్యాస్ మొత్తం తీసి మళ్లీ నింపాల్సి వస్తే, నేమ్‌ప్లేటు మీది అంకెకు ఈ అదనపు గ్రాములు (కింది పడకగదికైతే 120) కలిపితేనే లెక్క సరిపోతుంది.